కూత తిరిగి రాని మలుపు

పనసగుమ్మి ఘాటు రోడ్డులో ఇరవై ఆరు మలుపులు. సింహాద్రి వాటిని కళ్లతో పోల్చుకునే మనిషి కాదు, చెవులతో పోల్చుకునే మనిషి.

కార్తీకం మొదలు మాఘం దాకా ఆ కొండ మీద మంచు దిగితే, బస్సు ముందు అద్దానికి తెల్లగుడ్డ కట్టినట్టు ఉండేది. మిగతా డ్రైవర్లు దిగువ చావడి దగ్గర బళ్లు ఆపుకుని, చలిమంట వేసుకుని, తొమ్మిదయ్యేదాకా బీడీలు కాల్చేవాళ్లు. సింహాద్రి బస్సు మాత్రం ఆగేది కాదు. అరచేత్తో హారన్ ఒక్క నొక్కు నొక్కి, తలకాయ కిటికీలోంచి బయటపెట్టి, కొండ ఏమంటుందో వినేవాడు. విన్నాక చక్రం తిప్పేవాడు.

రాతిగోడ ఉన్నచోట కూత ఠక్కున తిరిగొచ్చేది. వెదురుపొద ఉన్నచోట సగమే వచ్చేది, అదీ చింపిరి చింపిరిగా. కాఫీతోట పక్కన మెత్తగా, దుప్పటి కింద ఎవరో మాట్లాడినట్టు వచ్చేది. ఇదంతా అతను ఒక పుస్తకంలో రాసుకున్నాడు. చదువు అయిదో తరగతి. పాత ట్రిప్పు కాగితాల వెనకవైపు రాసుకోవడానికి కుట్టుకున్న పుస్తకం. అందులో గీతలు తక్కువ, మాటలు ఎక్కువ. "11 — రాయి. ఠక్." "14 — రెండుసార్లు వచ్చును. రెండోది పొట్టిది." కొండ కొమ్ము మీద, ముందంతా లోయే ఉన్నచోట ఇలా రాశాడు: "20 — పోయింది. రాదు."

"ఇదేం మేప్ మామా?" అని కండక్టర్ త్రినాథ్ నవ్వేవాడు. "మేప్ అంటే బొమ్మ ఉండాల. ఇది సూత్తే వంటల పుస్తకంలాగుంది."

"బొమ్మ మంచులో కనపడదురా," అనేవాడు సింహాద్రి. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ముప్పై ఒక్క ఏళ్లు తోలి అతను ఉద్యోగం దిగిపోయిన ఏడాదే సుభాషిణి వచ్చింది.

ఆమెది రాజాం. దారి చూపే యంత్రాల మీద పరిశోధన. అంతకు నెల ముందు, ఉల్లిపాయల లారీ ఒకటి ఫోను చెప్పిన మాట విని కాఫీతోట కాలిబాటలోకి దూరి, వెనక్కీ ముందుకీ కదలలేక మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. అది తెలుసుకుని వచ్చింది. గేరేజీ గోడకి వేలాడే పాత పటం చూసింది. అందులో ఘాటంతా చీరదారం పడేసినట్టు ఒక్క గీత. ఇరవై ఆరు మలుపులకి ఏడే కనిపించాయి.

"రెండు కొండల నడుమ ఉపగ్రహం మాట నిలవదండీ," అంది సింహాద్రితో. "దాని సంకేతం కొండగోడకి కొట్టుకుని ఆలస్యంగా దిగుతుంది. ఫోనేమో అదే అసలుదనుకుని లెక్క వేసేస్తుంది. అందుకే బస్సు గాల్లో ఎగురుతున్నట్టు చూపిస్తుంది."

సింహాద్రి అన్నాడు, "అయితే దానికీ నాకులాగే కొండ మీంచి తిరిగొచ్చిందే వినపడతాది. కాపోతే తిరిగొచ్చిందని దానికి తెలీదు."

సుభాషిణి సంచిలోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. రాసుకోవడం అయ్యాక, "మీ చెవులు నాకు అప్పివ్వండి సింహాద్రి గారూ," అంది.

ఆ మాట అలా నిజమవుతుందని ఇద్దరికీ తెలీదు.

గేరేజీ వెనక పాత టైర్ల గది ఆమె ప్రయోగశాల అయ్యింది. శబ్దం తిరిగి రాకుండా గోడలకి మందపాటి స్పంజి అంటించారు. లోపల నిలబడితే మన ఊపిరే మనకి పరాయిదిగా ఉండేది. పగలు జీపులో కొండెక్కి, మలుపు మలుపుకీ కూత వేసి, తిరిగొచ్చింది పట్టుకొచ్చేవారు. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, మంచులో పదిసార్లు. సాయంత్రం దాన్ని పెద్దది చేసి, చెవిడిప్పల్లో సింహాద్రికి వినిపించేవారు. అతను కళ్లు మూసుకుని చెప్పేవాడు.

"ఇది పద్నాలుగు."

"ఇది?"

"ఇదీ పద్నాలుగే. తడిసిన పద్నాలుగు."

"ఇదో?"

"ఆకు రాల్చిన పద్నాలుగు. ఫాల్గుణంలో పట్టుకొచ్చారా?"

సుభాషిణి తేదీ చూసుకుని తల ఊపేది. పక్కనున్న యంత్రం అతను చెప్పిందల్లా నేర్చుకునేది. దానికి ఏదో పెద్ద పేరు పెట్టారు గానీ గేరేజీలో అందరూ కూతపెట్టె అనేవారు. హారన్ మోగితే, తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి బస్సు ఏ మలుపులో ఉందో, ముందు రాయుందో లోయుందో చెప్పడం దాని పని.

రెండో ఏడు, డిప్పల మోతకి, సింహాద్రి చెవిలో ఈలపురుగు దూరినట్టయింది. పొద్దస్తమానం అదే రొద. విశాఖపట్నంలో డాక్టరు ఒక గీత చూపించాడు. ఎడమవైపు తిన్నగా వెళ్లిన గీత కుడివైపు గోడ కూలినట్టు దిగిపోయింది. లావు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోయాయి, డిప్పలు ఇంక ముట్టుకోవద్దన్నాడు. సుభాషిణి ఆ సాయంత్రమే డిప్పల్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇరవై రెండు దాకా అయ్యాయి," అన్నాడు సింహాద్రి. "నాలుగు మలుపులు మిగిలిపోతే ఎలాగమ్మగోరూ? బస్సు ఇరవై రెండు మలుపులెక్కి అక్కడ కాపరం పెడతాదేటి?"

"వద్దండీ. ఇది నా యంత్రం. నేను ఆపుతున్నాను."

"యంత్రం మీదే. కొండ నాది."

తాళం రెండు రోజులుంది. మూడోనాడు ఆమే తీసింది. డిప్పలు అతనికి ఇచ్చింది. ఇరవై ఆరూ పూర్తయ్యే నాటికి సింహాద్రికి మనుషుల మాట వినపడేది, ఇంజిను వినపడేది. పిచ్చిక వినపడేది కాదు. కుక్కర్ కూత వినపడేది కాదు. కొండ మీద హారన్ నొక్కితే పోయేది వినపడేది, తిరిగొచ్చేది వినపడేది కాదు.

కూతురు పైడితల్లి నెల రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు. అప్పటికే ఆమె అదే గేరేజీలో డ్రైవరు. "చెవులు పిండి దానికి పోసీసావు," అంది ఒకరోజు అన్నం పెడుతూ. "ఇప్పుడు నాను పిలిస్తే దాన్ని పిలవాలా, నిన్ను పిలవాలా?"

"ఇద్దరినీ పిలు. ఎవరు పలికితే ఆళ్లకి అన్నం పెట్టు."

ఆమె నవ్వకుండా ఉండాలని చూసి, ఉండలేకపోయింది.

పెట్టె మాత్రం బంగారంలా పనిచేసింది. అరవై బళ్లలో బిగించారు. లారీలు, జీపులు, పాలవేన్లు. ప్రతి బండి వేసిన ప్రతి కూతా విని, పెట్టెలన్నీ ఒకదానికొకటి చెప్పుకుని, కొత్తగా పడిన చెట్టునీ కొత్తగా లేచిన గోడనీ వాటంతటవే నేర్చుకునేవి. పైడితల్లి దాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఎవరైనా అడిగితే, "అందులో ఉన్నది మా నాన్న చెవులు," అనేది.

ఆ వేసవిలో రోడ్డు వెడల్పు చేశారు. పదిహేడో మలుపులో ఒక నిలువురాయి ఉండేది, పసుపు పూసి, బొట్లు పెట్టి. మలుపుల తల్లి అంటారు. ఘాటెక్కే ప్రతి డ్రైవరూ అక్కడ మూడు పొడుగు కూతలు వేసి, చెయ్యి కళ్లకద్దుకుని పోవాల్సిందే. ఘాటు మొత్తంలో మూడు పొడుగు కూతలు పడే చోటు అదొక్కటే. రోడ్డు పనికి రాయి అడ్డమొచ్చింది. పెద్దలు కూర్చుని, రెండు మలుపులు పైన, పందొమ్మిదిలో చోటుంది, అక్కడికి తల్లిని తీసుకెళదామన్నారు. డప్పులు పెట్టి, మేకని కోసి, వాసానికి మోకులతో కట్టి నలుగురు మోశారు. వాసం ముందు కొస సింహాద్రి కుడిభుజం మీద పడింది. వాసం ఒరుసుకుని భుజం తోలు లేచిపోయి, మానడానికి నెల పట్టింది.

మర్నాటి నుంచి డ్రైవర్ల మూడు కూతలూ తల్లి వెంట పందొమ్మిదికి ఎక్కాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తల్లి ఎక్కడుంటే మొక్కు అక్కడ.

మార్గశిరంలో మంచుబస్సు మొదలయ్యింది. తెల్లారి ఆరింటికి దిగువ చావడిలో బయల్దేరి, సింహాద్రి దిగిపోయాక మంచులోనే ఘాటెక్కే మొదటి బస్సు. మూడేళ్ల పని ఆ ఒక్క ట్రిప్పు మీద ఉంది. సవ్యంగా ఎక్కితే పై ఊళ్లకి చలికాలమంతా పొద్దుటి బస్సు ఉంటుంది. తోలేది పైడితల్లి. సింహాద్రి తలుపు పక్క ఒంటిసీటులో కూర్చున్నాడు, పుస్తకం సంచిలో పెట్టుకుని. వెనక అల్లం బుట్టలతో ఆడవాళ్లు, పరీక్షకి వెళ్లే పిల్లలు, నలభై మంది. సుభాషిణి పైన పెదగరువులో ఎదురుచూస్తోంది.

"రైట్!" అని త్రినాథ్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదిలింది.

ఆరో మలుపులో మంచు కమ్మింది. ఇంక లోకం లేదు. పైడితల్లి హారన్ నొక్కేది, పెట్టె మీద ఎర్రంకె మారేది, ఆడగొంతు చెప్పేది. "పదకొండు. ఎడమ రాయి. కుడికి పూర్తిగా." ఆమె తిప్పేది. "పద్నాలుగు. వంతెన." సింహాద్రి తను విన్న పద్నాలుగులన్నీ, తడిసినవీ ఎండినవీ, ఆ గొంతులో తిరిగొస్తుంటే కళ్లు తడిసి, ఎవరికీ కనపడకుండా కండువాతో తుడుచుకున్నాడు. ఎంత బాగా నేర్చుకుంది ముండ, అనుకున్నాడు. సొంత బిడ్డ బడిలో పద్యం అప్పజెప్పినట్టుంది.

అల్లం బుట్టల సూరమ్మ వెనకనుంచి, "ఏటి సింహాద్రిబావా, పెట్టె నీకంటే బాగా తోలతందే!" అంది.

"నాకంటే ఎక్కువ మాటాడతాది కూడా," అన్నాడతను. బస్సంతా నవ్వింది.

పైడితల్లి మలుపులు లెక్కపెట్టడం మానేసింది. పెట్టె లెక్కపెడుతుంటే తనెందుకు? పదహారు దాటాక పెట్టె కాసేపు అంకె మార్చకుండా తటపటాయించింది. "నిదానంగా," అని మాత్రం అంది. ఆమె నిదానంగానే రెండు వంపులు తిప్పింది. అంతలో మంచులో ఎర్రటి వెలుగు మసకగా కనిపించింది. తల్లి దగ్గర పెట్టిన సోలారు దీపం. పైడితల్లి మూడు పొడుగు కూతలు వేసి, చెయ్యి కళ్లకద్దుకుంది. బస్సులో నలభై మందీ అద్దుకున్నారు. సింహాద్రీ అద్దుకున్నాడు.

పెట్టె మీద అంకె టక్కున మారింది. "పదిహేడు. ముందు తిన్నగా రెండువందల గజాలు."

పైడితల్లి గేరు మార్చింది. తల్లి మలుపంటే పదిహేడే. పుట్టినప్పటినుంచి విన్నదే. సింహాద్రికీ ముందు అలాగే అనిపించింది. ఆ, పదిహేడు, అనుకున్నాడు. చెయ్యి దించబోతుంటే కుడిభుజం కలుక్కుమంది. వాసం ఒరుసుకున్న చోటు, చలికి.

తల్లి పదిహేడులో లేదు. పదిహేడునుంచి మోశాం.

చెయ్యి తనంతట తనే లేచి తలుపు రేకు మీద ఒక్క దెబ్బ కొట్టింది. ధడేల్. ఒక దెబ్బంటే ఆపు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారని డ్రైవరు ఆలోచించడు. కాలు ఆలోచిస్తుంది. పైడితల్లి కాలు బ్రేకు మీద పడింది. అల్లం బుట్టలు దొర్లాయి. బస్సు మూలిగి ఆగింది.

"ఏటైంది నాన్నా? తిన్నగా రోడ్డే కదా?"

"హారన్ నొక్కు. అద్దం దించి విను."

ఆమె నొక్కింది.

"ఏటొచ్చింది?"

ఆమె విన్నది. ఇంకోసారి నొక్కి మళ్లీ విన్నది. మంచువెలుగులో ఆమె ముఖం తెల్లబడింది.

"ఏం రాలేదు నాన్నా. పోయింది."

"రాదు," అన్నాడు సింహాద్రి. "ఇరవై."

త్రినాథ్ టార్చి పట్టుకుని, తలుపు కడ్డీ వదలకుండా కిందికి దిగాడు. వంగి చూశాడు. రాయి ఒకటి తీసి ముందుకి విసిరాడు. నలభై మంది ఊపిరి బిగబట్టి విన్నా అది పడిన చప్పుడు రాలేదు. వాడు పాకినట్టు వెనక్కొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "ముందు చక్రానికి మూరెడుంది మామా," అన్నాడు. వాడి నోటినుంచి ఆ పూట ఇంక వేళాకోళం రాలేదు.

పైడితల్లి చేతులు చక్రాన్ని వదలడం లేదు. "పెట్టెలో ఉన్నది నీ చెవులే కదా నాన్నా," అంది చిన్నగా.

"చెవులు నావే. అవతలకి తల్లిని మోసిందీ నానే. దానికి చెప్పలేదు," అన్నాడు సింహాద్రి. సంచిలోంచి పుస్తకం తీశాడు. "దాని నోరు ముయ్యి. త్రినాథూ, ఇరవై ఒకటి కాణ్ణించి గట్టిగా చదువు. అమ్మీ, నువ్వు విను. ఇన్నదే చెప్పు, అనుకున్నది చెప్పకు."

బస్సు వెనక్కి తీసి, ఇరవయ్యో మలుపు తిప్పుకుని, ఆరు మలుపులూ అలాగే ఎక్కారు. హారన్ పడగానే నలభై మంది నోళ్లు మూతపడేవి.

"ఏటొచ్చింది?"

"మెత్తగా వచ్చింది."

"ఎంత మెత్తగా? దుప్పటి కిందా, దిండు కిందా?"

పైడితల్లి తడుముకుంది. వెనకనుంచి సూరమ్మ, "దిండే బావా, దిండే! నాకు బాగా వినపడింది," అంది.

"దిండైతే తోట అయిపోయింది. ఎడమకి కొట్టు."

ఎనిమిదింటికి పెదగరువులో మంచులోంచి బస్సు బయటపడింది. సుభాషిణి పరుగెత్తుకొచ్చింది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. పరీక్ష పిల్లలు పరీక్షకి పోయారు. ఆడవాళ్లు అల్లం ఏరుకుని బుట్టలకెత్తుకున్నారు.

ఆమె వారం రోజులు టైర్ల గదిలోంచి బయటకి రాలేదు. ఎనిమిదోనాడు సింహాద్రిని పిలిచింది.

"తల్లిని జరిపారని నాకెందుకు చెప్పలేదండీ?"

"తల్లి జరిగితే ఊరికి చెప్తాం, చుట్టాలకి చెప్తాం. పెట్టెకి కూడా కబురు పెట్టాలని ఎవులకి తెలుసు?"

ఆమె ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. తర్వాత విడమరిచి చెప్పింది. పెట్టెకి తల్లి అంటే ఏమిటో తెలీదు. మూడు పొడుగు కూతలు పడితే పదిహేడు, అంతే తెలుసు. ఆ గుర్తు ఘాటు మొత్తం మీద గట్టిది. అరవై బళ్లూ ఒక్కసారిగా రెండు మలుపుల పైన ఆ కూతలు వేసేసరికి, పదిహేడే పైకి జరిగిందనుకుని మిగతా పాఠమంతా దాని వెనక సర్దేసుకుంది. బండి ఎంత దూరం నడిచిందో చెప్పే చక్రాల లెక్క కాదు కాదని మొత్తుకుంది. ఎండలో బండి ముందుండే కెమెరా కన్నూ కాదని సర్దేది, అందుకే పగలు ఎవరికీ తేడా తెలియలేదు. మంచులో కన్ను మూతపడ్డాక చక్రం ఒక్కటే మిగిలింది. అరవై మంది ఒక మాట మీదుంటే ఒక్క చక్రం మాట ఎవరు వింటారు?

"మరి నాను చెప్పిన పదిహేడు?"

"ఉంది. పాతబడిన తప్పు కింద పక్కన పెట్టేసింది. చెరపలేదు." ఆమె తలెత్తింది. "యంత్రం తీసేద్దామనుకున్నానండీ. మీ చెవులు తీసుకుని, మీ అమ్మాయిని అంచుదాకా తీసుకెళ్లింది."

పెట్టె మీద దుమ్ము పడి ఉంటే సింహాద్రి కండువా కొసతో తుడిచాడు.

"తియ్యకండమ్మగోరూ. పదహారు మలుపులు అచ్చు తప్పకుండా అప్పజెప్పింది. నాను కుర్రతనంలో ఆరు మలుపులకే రెండుసార్లు బస్సు గోడకి పెట్టీసాను. అదీగాక పదిహేడు కాడ అది తటపటాయించింది. దానికి అనుమానం వచ్చింది. చెప్పడానికి మాట లేదు. ఆ మాట నేర్పండి."

"ఏ మాట?"

"తెలీదని."

రెండు నెలలు పట్టింది సుభాషిణికి ఆ ఒక్క మాట నేర్పడానికి. యంత్రానికి దారి చెప్పడం నేర్పినంత సులువు కాదది. చక్రం ఒకటి, కూతలు ఒకటి చెబితే అరవై మంది ఎటున్నా సరే, అంకె చూపించకుండా ఆగాలి. ఆ మాట ఆడగొంతుతో కాకుండా సింహాద్రి గొంతుతోనే పెట్టింది. గోడమీది పాత పటం పక్కనే అతని పుస్తకానికి నకలు తీసి వేలాడదీసింది. ప్రతి బస్సులోనూ ఒక నకలు పెట్టించింది. పేజీ చివర ఖాళీ వదిలింది, ఎవరు దేన్ని జరిపినా రాయడానికి. మొదటి వరసలో సింహాద్రి తన చేత్తో రాశాడు: "తల్లి పందొమ్మిదికి వచ్చినది. మోసినవారు నలుగురు."

మాఘంలో మంచుబస్సు మళ్లీ బయల్దేరింది. ఒంటిసీటులో సింహాద్రి. ఈసారి పైడితల్లి నోట్లో మలుపులు లెక్కపెట్టుకుంటోంది. పదిహేడులో, రాయి లేని ఖాళీ చోట, ఒక్క కూత వేసింది. అది మలుపుకి. పందొమ్మిదిలో మూడు వేసింది. అవి తల్లికి. ఇరవై మొదట్లో పెట్టె ఒక్క క్షణం ఆగి, సింహాద్రి గొంతుతో, "తెలీట్లేదమ్మీ. ఆగు. కూత వేసి విను," అంది.

"ఇదిగో, ఒక్క గొంతుతో ఇద్దరూ పలికారు," అంది పైడితల్లి. "అన్నం ఎవరికి పెట్టాలి?"

బస్సు ఆపింది. అద్దం దించింది. హారన్ నొక్కింది. సింహాద్రి అరచెయ్యి తలుపు రేకు మీద ఆనించాడు. కూత బయల్దేరడం చేతికి తెలిసింది. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లటి మంచు, అంతే.

"ఏటొచ్చింది?" అని అడిగాడు.

"ఏం రాలేదు నాన్నా."

అతను తల ఊపాడు. ఇరవై ఆరు మలుపుల్లో అదొక్క చోటే తండ్రికీ కూతురికీ ఇప్పటికీ ఒకేలా వినపడుతుంది. అక్కడ వాళ్లిద్దరూ కాసేపు ఎక్కువే ఆగుతారు. వెనక త్రినాథ్ కూడా తొందరపెట్టడు. చాలనిపించాక సింహాద్రే రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు.